గుప్పిట పరీక్ష

భూమిలో విషం ఎంత లోతుకు దిగిందో తేల్చాలంటే బోర్లు వేయాలి, ఒక్కో లోతులో మట్టి తీసి సీసాల్లో నింపాలి, ప్రయోగశాలకు పంపాలి అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. అదంతా దండగ ఖర్చు. మన దేశం 2009 సెప్టెంబరులోనే ఇంతకంటే చవకైన పద్ధతి కనిపెట్టింది. భోపాల్‌లో మూతపడ్డ యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ ఆవరణకు వెళ్లిన నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ అక్కడి వ్యర్థాన్ని గుప్పిట పట్టి, తాను బతికే ఉన్నానని, దగ్గు కూడా రావడం లేదని సెలవిచ్చారు. అప్పట్లో ఆయన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యులు కాబట్టి ఈ ఆవిష్కరణలో మనకూ కాస్త వాటా ఉంది.

ఎంత సులువో చూడండి. గొయ్యి తవ్వే పని లేదు, యంత్రంతో పని లేదు. పట్టుకో, పది లెక్కపెట్టు, దగ్గు రాకపోతే సంతకం పెట్టు. ఒక్కటే సందేహం. గుప్పిట విప్పాక చేయి కడుక్కోవాలి కదా, ఏ నీళ్లతో? గోడ అవతల బస్తీలోని చేతిపంపు నీళ్లతోనా, కారులో తెచ్చుకున్న సీసా నీళ్లతోనా? పరీక్షలో అసలు ప్రశ్న అదే. దాన్ని మాత్రం ఎవరూ అడిగినట్టు లేరు.

ఈలోగా మన ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు, నాగపూర్ నీరీ (పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు పాత పద్ధతిలోనే అవస్థపడి 2010లో లెక్క తేల్చారు. ఆ ఆవరణలో శుద్ధి చేయాల్సిన మట్టి 11 లక్షల టన్నులట! గుప్పిట్లో పట్టదు. అందుకని ఫైల్లో పట్టించారు.

ఇప్పుడు నా బాధ వేరే. 2025 నుంచి ఎవరిని కదిపినా ‘భోపాల్ విషం వెళ్లిపోయిందిగా’ అంటున్నారు. వెళ్లింది, నిజమే. జనవరి 1 రాత్రి 12 కంటైనర్లు, వెనకాముందూ పోలీసులు, అంబులెన్సులు, ఫైరింజన్లు, దారి పొడవునా ఆపేసిన వాహనాలు. పెళ్లికొడుకు ఊరేగింపుకైనా అంత హంగు ఉండదు. నింపినవాళ్లకు అరగంటకో షిఫ్టు, ఒంటినిండా రక్షణ దుస్తులు. 250 కిలోమీటర్ల అవతల పీథంపూర్‌లోని వ్యర్థాలు కాల్చే కేంద్రంలో దించిన సరుకు ఎంతయ్యా అంటే 337 టన్నులు. 2005లో పైపైన ఊడ్చి షెడ్డులో పెట్టిన చెత్త అది. కేటాయించిన సొమ్ము 126 కోట్లు. కాల్చాక మిగిలిన బూడిద 800 టన్నులకు పైనే. సున్నం అదీ కలిపి కాలుస్తారు కాబట్టి అలా పెరుగుతుందట. విషం వెళ్లిపోవడమంటే ఇదే కాబోలు.

337 టన్నులు కదలడానికి 40 ఏళ్లు పట్టింది. ఇదే జోరున సాగితే 11 లక్షల టన్నులకు సుమారు లక్షా ముప్పై వేల ఏళ్లు చాలు. ఓపిక పట్టాలి.

ఎవరు పట్టాలి? 1984 డిసెంబరు నాటి గ్యాస్ గాలిలో కలిసిపోయింది. ఈ మట్టిలోని విషం అది కాదు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ ఆవరణలోని గుంతల్లో గుమ్మరించినది, ఫ్యాక్టరీ మురుగు ఎండబెట్టడానికి 1977లో తవ్విన చెరువుల్లోంచి కారినది. కారుతోందని కంపెనీకి 1982లోనే తెలుసు. 1989లో ఆవరణలోని గుంతల నుంచి ద్రవ నమూనాలు తీసి, వాళ్లే వాటిలో చేపలను వేసి చూసుకున్నారు. ఒక్క చేప మిగల్లేదు. ఆ ముక్క ఆ గోడ పక్కన బిందె పట్టుకుని నిలబడ్డ ఒక్క మనిషికైనా చెప్పారా? సిగ్గులేని మనుషులు! అరగంట షిఫ్టు ఆ ఇల్లాలికి ఎవరిచ్చారు? ఆమె కడుపులోని బిడ్డకు రక్షణ దుస్తులు ఎవరు తొడిగారు? చివరికి పైపుల్లో మంచినీళ్లు ఇవ్వండని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అంతకుముందు సర్కారు చేసిన శుద్ధి కార్యక్రమం కూడా ఒకటుంది. చేతిపంపులకు ఎర్రరంగు పూశారు, తాగవద్దని. పూశాక కూడా జనం ఆ పంపులే కొట్టుకున్నారు. వేరే నీళ్లు లేవు మరి.