రాడ్ ఎత్తితే ఎదగరన్న మెసేజ్‌కు ఒక మేనమామ జవాబు

మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, వాణ్ని వెయిట్‌లిఫ్టింగ్‌లో చేర్పించింది నువ్వే కదా. గ్రూప్‌లో మెసేజ్ చూశావా? వాడింక ఎదగడట!" వాడంటే నా మేనల్లుడు. పద్నాలుగేళ్లు. చేరి రెండు నెలలు కూడా కాలేదు.

చూశాను. ఎన్ని గ్రూపులు తిరిగొచ్చిందో, పైన ఆ జంట బాణాల గుర్తు కూడా ఉంది. అందులో ఉన్నది ఇదీ: 18 ఏళ్లు నిండకుండా పిల్లలు బరువులు ఎత్తకూడదు, ఎత్తితే ఎముకల చివర్లలో ఉండే గ్రోత్ ప్లేట్లు నలిగి మూసుకుపోతాయి. వెయిట్‌లిఫ్టర్లంతా పొట్టిగా ఉండటమే దానికి రుజువు. జపాన్‌లో పరిశోధన కూడా జరిగింది. పుషప్స్, బస్కీలు అయితే పర్లేదు. పొడవు పెరగాలంటే కడ్డీ పట్టుకుని వేలాడించండి, బాస్కెట్‌బాల్ ఆడించండి. చివర్లో దండాలు పెట్టే బొమ్మలు మూడు.

అక్కకు సగం చెప్పేసరికి స్టవ్ మీద పాలు పొంగి ఫోన్ పెట్టేసింది. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

"వెయిట్‌లిఫ్టర్లంతా పొట్టివాళ్లే కదా"

అక్కను బాగా భయపెట్టింది ఈ మాటే. టీవీలో మీరాబాయి చానును చూసింది. టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం గెలిచిన ఆమె ఎత్తు ఐదడుగుల లోపే. అంతకుముందు తరంలో టర్కీ తరఫున ఆడిన నయీం సులేమానోగ్లు ఉన్నాడు. 147 సెంటీమీటర్ల మనిషి, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో 190 కిలోల బార్‌ను తల పైకి లేపాడు. తన బరువుకు మూడు రెట్ల పైమాటే.

అయితే ఇక్కడ ఏది ముందు, ఏది వెనక? బార్‌ను నేల మీంచి తల పైకి తీసుకెళ్లాలి. కాళ్లూ చేతులూ పొట్టిగా ఉన్నవాడికి ఆ దూరం తక్కువ. పైగా పోటీ బరువు విభాగాల్లో జరుగుతుంది. 60 కిలోల్లోనే సర్దుకోవాలంటే, ఆరడుగుల మనిషి ఒంటి మీద ఇక కండ ఎక్కడుంటుంది? అంటే చిన్న విభాగాల్లో పొట్టివాళ్లు గెలుస్తారు, టీవీలో మనకు కనపడేది గెలిచినవాళ్లే.

బరువుకు పరిమితి లేని పై విభాగానికి వెళ్లి చూడండి. జార్జియాకు చెందిన లాషా తలఖద్జె 197 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల ఐదంగుళాల పైనే. రియో, టోక్యో, పారిస్ మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం అతనిదే. 2021లో తాష్కెంట్‌లో రెండు లిఫ్టులూ కలిపి 492 కిలోలు ఎత్తాడు. అదే స్నాచ్ (బార్‌ను ఒకే ఊపులో తల పైకి లేపడం), అదే క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి), అదే ఇనుము. బార్ మనిషిని కుదించేసేదే అయితే అందరికంటే ఎక్కువ బరువు మోసే ఆ విభాగంలోనే అందరికంటే పొట్టివాళ్లు ఉండాలి కదా.

మలక్‌పేట రేసుకోర్సులో జాకీలు చిన్నగా, సన్నగా ఉంటారు. గుర్రం ఎక్కడం వల్ల అలా అయ్యారని ఎవరూ అనరు. బాస్కెట్‌బాల్ సంగతీ అంతే, కాకపోతే తిరగేసి. ఆ ఆట పొడవు పెంచదు, పొడుగువాళ్లను ఏరుకుంటుంది.

ఈ మెసేజ్ మా విజయనగరం జిల్లాలో తిరగడమే నాకు వింత. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరు వెయిట్‌లిఫ్టర్లకే పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. పక్క జిల్లా ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లేశ్వరి పన్నెండేళ్లకే బార్ పట్టుకుని, 2000లో సిడ్నీలో దేశానికి తొలి మహిళా ఒలింపిక్ పతకం తెచ్చింది. సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే ఊళ్లు మావి. మనకే ఈ టెన్షన్ ఏమిటి?

"గ్రోత్ ప్లేట్లు నలిగి మూసుకుపోతాయి"

పిల్లల పొడవాటి ఎముకల చివర్ల దగ్గర మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే, గ్రోత్ ప్లేట్ అంటే అదే. అమ్మాయిల్లో సుమారుగా 14-16 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 16-18 మధ్య అదంతా గట్టి ఎముకగా మారిపోయి ఎదుగుదల ఆగుతుంది. మెసేజ్‌లో ఇంతవరకు నిజమే.

దాన్ని మూసేది మాత్రం బరువు కాదు, హార్మోను. అదీ అబ్బాయిల్లో కూడా, ఆడవాళ్ల హార్మోను అని మనం అనుకునే ఈస్ట్రోజనే. ఈ విషయాన్ని ఒక్క కేసు తేల్చేసింది. 1994లో అమెరికా వైద్యులు ఒక 28 ఏళ్ల యువకుడి గురించి ప్రచురించారు. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల అతని ఒంట్లో ఈస్ట్రోజన్ పనిచేయదు. 204 సెంటీమీటర్ల ఎత్తున్నాడు, ఆ వయసులో ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముకలు చూస్తే పదిహేనేళ్ల కుర్రాడి ఎముకల్లా ఉన్నాయి. బరువులు ఎత్తినా ఎత్తకపోయినా ఆ హార్మోను పని అది చేయాల్సిందే, చేయకపోతే ప్లేటు మూసుకోదు.

మూసుకోవడం వేరు, విరగడం వేరు. విరగడం నిజంగానే జరుగుతుంది. పిల్లల ఎముకల్లో ఆ పొరే బలహీనమైన చోటు. పిల్లలకు అయ్యే ఫ్రాక్చర్లలో సుమారు 15 నుంచి 30 శాతం దాకా ఆ పొరను తాకేవే. అవి ఎక్కువగా ఎక్కడ అవుతాయి? సైకిల్ మీంచి పడితే, చెట్టు మీంచి జారితే, ఆటలో చెయ్యి కింద పెట్టి పడితే. చాలావరకు సరైన వైద్యంతో బాగైపోతాయి. ఒకవేళ ఎదుగుదల దెబ్బతిన్నా ఆ ఒక్క ఎముకదే. మణికట్టు దగ్గర విరిగితే మనిషి పొట్టి కాడు. మొత్తం ఎత్తు తగ్గాలంటే రెండు కాళ్లలోనూ ప్లేట్లు ఒకేసారి, ఒకేలా పాడవ్వాలి. చెడిపోవడంలో అంత క్రమశిక్షణ ఎక్కడుంటుంది?

ఇక గాయాల లెక్క. 1994లో బ్రయాన్ హామిల్ అనే పరిశోధకుడు బ్రిటన్ పిల్లల ఆటల మీద ప్రచురించిన అంకెలను ఈ రంగంలో ఇప్పటికీ అందరూ చెబుతారు. ప్రతి 100 గంటల ఆటకు ఫుట్‌బాల్‌లో 6.2 గాయాలు, రగ్బీలో 1.92, వెయిట్‌లిఫ్టింగ్‌లో 0.0017. ఆ అంకెను నేను మరీ పట్టుకు వేలాడను. అది అర్హత ఉన్న కోచ్‌లు దగ్గరుండి చూసుకున్న పిల్లల లెక్క, వీధి చివర జిమ్‌ది కాదు. అయినా తేడా కొద్దిపాటిది కాదు కదా.

మావాడు ప్రాక్టీసు చేసేచోటికి నేనూ రెండుసార్లు వెళ్లాను. మొదటి మూడు వారాలు మాస్టారు వాడి చేతికిచ్చింది చీపురు కర్ర లాంటి ఒక చెక్క కర్ర. దాన్ని తల మీద పట్టుకుని గొంతుక్కూర్చోవాలి. మడమలు నేల వదిలాయా, మళ్లీ మొదటికే. "సార్, రాడ్ ఎప్పుడిస్తారు?" అని వీడు, "మడమలు చెప్పినప్పుడు" అని ఆయన. ఇంటికొచ్చాక ఇదే కుర్రాడు ప్రహరీ గోడ మీంచి దబ్బున దూకుతాడు. ఆ దూకుడులో మోకాళ్ల మీద పడేది ఒంటి బరువుకు కొన్ని రెట్లు. దానికి మా అక్క అనేది ఒకటే, "చెప్పులేసుకోరా." స్కూల్ బ్యాగు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని కేంద్రం 2020లో చెప్పింది. వాడి బ్యాగు ఎప్పుడైనా తూచారా అని అడిగితే ఇంట్లో జవాబు లేదు.

"జపాన్ పరిశోధన"

ఇది మరీ కల్పన కాదు. 1960లలో కాటో, ఇషికో అనే ఇద్దరు జపాన్ మారుమూల ఊళ్లలో చిన్నప్పటి నుంచి బండ చాకిరీ చేసిన పిల్లలు పొట్టిగా ఉన్నారని రాశారు. కానీ మారుమూల పల్లెలో పేదరికం, రోజంతా చాకిరీ అంటే ఒంటి మీద పడేది బరువొక్కటేనా? తిండి, నిద్ర, జబ్బులు అన్నీ కలిసి ఉంటాయి. వాటిని విడదీయకుండా నేరం బరువు నెత్తిన వేశారు. వారానికి మూడుసార్లు గంటసేపు ప్రాక్టీసు చేసి, ఇంటికొచ్చి నాలుగు ఇడ్లీలు తినే పిల్లాడికి ఆ కథ అతకదు.

ప్రాక్టీసు చేసే పిల్లల మీదే జరిగిన అధ్యయనాలు వేరే ఉన్నాయి. పిల్లల ఎదుగుదల మీద పరిశోధించే రాబర్ట్ మలీనా 2006లో అలాంటివి 22 చూసి, ఎత్తు పెరుగుదల మీద ప్రభావం కనపడలేదన్నాడు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2020లో అదే చెప్పింది, పక్కన తెలిసినవాళ్లు ఉండి సరైన పద్ధతిలో చేస్తే అన్న షరతుతో.

ఎదుగుదల గురించి నిజంగా బెంగ ఉన్నవాళ్లకు మన దగ్గరే కావలసినంత ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. వాళ్లెవరూ రాడ్ ముట్టుకున్నవాళ్లు కాదు. దాని మీద మాత్రం మా గ్రూప్‌కు ఒక్క ఫార్వర్డూ రాలేదు.

"పుషప్స్ పర్లేదు, డంబెల్ వద్దు"

పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. మావాడు 45 కిలోలు, అంటే సుమారు 30 కిలోలు. ఐదు కిలోల డంబెల్ అంటే వణుకు, 30 కిలోలంటే ధీమా!

"వేలాడితే పొడవవుతారు"

దీన్ని ఇంట్లోనే పరీక్షించాం. పొద్దున లేవగానే వాణ్ని గుమ్మానికి ఆనించి, తల మీద స్కేలు పెట్టి పెన్సిల్ గీత గీశాను. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోటి. రాత్రి గీత సెంటీమీటరుకు పైగా కిందికి వచ్చింది. అక్క ముఖం పాలిపోయింది. మర్నాడు పొద్దున గీత మళ్లీ పైకెళ్లింది.

వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. పగలంతా నిలబడి తిరిగితే వాటిలో నీరు కొంత బయటికి పోయి పలచబడతాయి, నిద్రలో మళ్లీ పీల్చుకుంటాయి. బరువులు ఎత్తినా అంతే, కడ్డీకి వేలాడినా అంతే, ఒకటి కాసేపు కుదిస్తుంది, ఇంకోటి కాసేపు సాగదీస్తుంది. ప్రాక్టీసు అయ్యాక కొలిచి ఒకరు భయపడ్డారు, వేలాడాక కొలిచి ఒకరు మురిసిపోయారు. ఈ మెసేజ్ పుట్టుక అక్కడే ఉందేమో అని నా అనుమానం.

మెసేజ్‌లో లేనిది

అసలు చెప్పాల్సిన ప్రమాదాన్ని ఇది వదిలేసింది. కొన్ని జిమ్‌లలో కుర్రాళ్లకు అంటగట్టే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గ్రోత్ ప్లేట్లను నిజంగానే ముందే మూసేస్తాయి, ఎందుకంటే అవి హార్మోన్లే, వాటిలో కొన్ని ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారతాయి. పేరు లేని డబ్బాల్లో పౌడర్లు అమ్మేవాళ్లనూ దగ్గరికి రానివ్వకూడదు. రీల్ కోసం స్నేహితుల ముందు ఎత్తలేని బరువు ఎత్తబోయే పదిహేనేళ్లవాడు కూడా ప్రమాదంలోనే ఉన్నాడు. కుర్రాళ్లకు బార్ వల్ల ప్లేట్లు విరిగిన పాత కేసులు ఎక్కువగా ఇలాంటివే. తల పైకి మితిమీరిన బరువు, పక్కన చెప్పేవాళ్లు లేరు.

మావాడు ఎంత ఎదుగుతాడంటే, పిల్లల డాక్టర్లు వేసే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. అబ్బాయికైతే అమ్మానాన్నల ఎత్తులు కలిపి, 13 సెంటీమీటర్లు చేర్చి, రెండుతో భాగించాలి. అక్క ఐదడుగులు, బావ ఐదడుగుల ఐదంగుళాలు. వచ్చింది 165 సెంటీమీటర్లు. కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ అవ్వచ్చు కానీ, దాదాపు బావంత. రేపు వాడు అక్కడే ఆగితే నింద రాడ్ మీద పడుతుందని ఇప్పుడే కాగితం మీద రాసి, తేదీ వేసి, ఫ్రిజ్‌కు అంటించి వచ్చాను.

ఇదంతా గ్రూప్‌లో పెడితే అక్క నుంచి ఒక్కటే జవాబు వచ్చింది: "అది సరే గానీ, మొన్న పండక్కే రంగు వేయించాం. గుమ్మం మీద ఆ పెన్సిల్ గీతలు ఎవరు తుడుస్తార్రా?"