మగరైతునూ కాస్త పట్టించుకోండి

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఏటా అక్టోబరు 15న మహిళా కిసాన్ దివస్ ఎలాగూ ఉంది. శాలువాలకు, మెమెంటోలకు లోటు లేదు. ఇంత హడావిడిలోనూ గుంటూరు మిర్చి సాగులో పురుషుల భాగస్వామ్యం ఎంత అధ్వానంగా ఉందో అడిగే నాథుడు లేడు.

నారు పీకి నాటేది ఆడవాళ్లు. కలుపు తీసేదీ వాళ్లే. సంక్రాంతి దాటాక తెల్లారకముందే కోతలకు ఆటో ఎక్కేదీ వాళ్లే. కల్లంలో కాయ ఆరబోసి, సాయంత్రం పోగేసి పట్టా కప్పి, పొద్దున్నే మళ్లీ పరిచి, మధ్యలో రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఏరేదీ వాళ్లే. పాపం మగరైతుకు మిగిలేవి నాలుగే పనులు: మందు కొట్టడం, టిక్కీలు (మిర్చి బస్తాలు) మార్కెట్ యార్డుకు తోలడం, అమ్మకం లెక్క రాసిచ్చే పట్టీ జేబులో పెట్టుకోవడం, పాస్‌పుస్తకంలో ఫొటోగా ఉండటం. ఈ వివక్షను ఇకనైనా సరిదిద్దాలి. ఆడవాళ్లకు ఇస్తున్నట్టే మగవాళ్లకూ మూడు రోజుల శిక్షణ ఇవ్వాలని మనవి.

మొదటి పాఠం తొడిమలు తీయడం. చూడ్డానికి చిన్నపనే. ఒక చేత్తో కాయ పట్టుకుని, రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తొడిమను మెలితిప్పి లాగాలి. తొడిమ మొదట్లో ఉండే టోపీతో సహా ఊడి రావాలి, కాయ చిట్లకూడదు. కాయ మరీ ఎండితే వేళ్ల మధ్యే విరిగి గింజ రాలిపోతుంది. అందుకని నీళ్లు చిలకరిస్తారు. చిలకరింపు మితిమీరి తేమ 11 శాతం దాటిందా, గోతంలో బూజు పడుతుంది, బూజు వెనకే అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. ఐరోపా సమాఖ్య ఎండుమిర్చికి పెట్టిన హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5కు మించకూడదు. అంటే దేశానికి డాలర్లు వచ్చేదీ రానిదీ షెడ్డులో నేలమీద కూర్చుని కిలోల లెక్కన కూలి తీసుకునే ఆవిడ వేళ్ల మీద కూడా ఆధారపడి ఉందన్నమాట. ఎగుమతి అవార్డుల వేదిక మీద ఆ వేళ్లు కనపడవు. మంట పుట్టిస్తాయని కాబోలు.

మంట సంగతి శిక్షణలో విడిగా చెప్పాలి. మిరప ఘాటంతా కాప్సైసిన్‌దే. అది నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. కుళాయి కింద ఎంతసేపు పెట్టుకున్నా చేతులు చల్లబడవు. నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. ఈలోగా చీర ఉయ్యాల్లో బిడ్డ ఏడుస్తుంది. ఆ చేతులతో ఎత్తుకుంటే బిడ్డ కళ్లకు అంటుతుంది. మోచేతులతో ఎత్తుకోవడం ప్రాక్టికల్స్‌లో పెట్టాలి. శిక్షణార్థులు ఎవరి బిడ్డను వారే తెచ్చుకోవాలి.

ఇక ఆడవాళ్లకిచ్చే శిక్షణలో లోపాలు ఎంచలేం. విజయవాడ హోటల్లో ఏసీ హాలు, ప్రొజెక్టరు, గుంటూరు ఆడవాళ్లకు ఆవకాయలో తడి తగలకూడదని బోధించే కోటు వేసుకున్న నిపుణుడు. వాళ్లకు నిజంగా కావలసినవి మాత్రం ఆయన దగ్గర ఉండవు. పచ్చడి పులుపును కొలిచే పీహెచ్ 4.6 కన్నా కిందే ఉందని ఎలా పరీక్షించాలి? బ్యాచ్ నంబరు ఎందుకు వేయాలి? లేబుల్ మీద దినుసులను బరువు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలనీ, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు వేయాలనీ ఎవరు చెబుతారు? భోజనాల వేళ దాటాక సర్టిఫికెట్లు పంచుతారు, అంతే.

చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం నిజానికి మంచిదే. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ. సొంత వాటా 10 శాతం పెట్టుకుంటే మిగతాది బ్యాంకు అప్పు. సరే, ఒకావిడ కారం మర పెట్టాలనుకుంది. 7.5 హెచ్‌పీ మోటారుకు త్రీఫేజ్ మీటరు కావాలి. మీటరుకు షెడ్డు కాగితం కావాలి. కాగితం మామగారి పేర ఉంది. మరను ఆపకుండా తిప్పితే వేడెక్కి కారం రంగు చెడుతుంది, మధ్యమధ్య చల్లారనివ్వాలి. మామగారితో ఆ చిక్కు లేదు, కాగితం అడిగిన ప్రతిసారీ ఆయన చల్లగానే ఉంటారు.

ఆడవాళ్ల సంతకానికి విలువ లేదనే దుష్ప్రచారాన్ని కూడా ఖండించాలి. అప్పటికి పెళ్లికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం సవరించింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. అప్పట్నుంచీ అన్నదమ్ములు చీరె, సారె, వాటితోపాటు హక్కు విడుదల పత్రం పట్టుకుని ఆడపడుచు గుమ్మం తొక్కుతూనే ఉన్నారు. డ్వాక్రా అప్పు కాగితం మీదా ఆవిడ సంతకమే. ఇక పట్టీ మీద, పాస్‌పుస్తకం మీద కూడానా? అన్నిచోట్లా ఆవిణ్ణే శ్రమపెట్టడం ధర్మమా?

కౌలుకు చేసే ఆవిడకైతే సంతకాల బెడదే లేదు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలురైతుకిచ్చే 11 నెలల సాగు హక్కు కార్డు రావాలంటే సంతకం పెట్టాల్సింది భూయజమాని. ఆయన పెట్టడు, ఇంకో పేరు కాగితమెక్కితే భూమికి ఎసరొస్తుందని భయం. కార్డు లేనిదే బ్యాంకు పంట అప్పు ఇవ్వదు. కౌలు మాత్రం కార్డు అడగదు.

పురుష శిక్షణ మొదటి బ్యాచ్‌కు దరఖాస్తులు తీసుకోవచ్చు. జతపరచవలసినవి: భార్య అంగీకార పత్రం, అత్తగారి ష్యూరిటీ, ఇంట్లో వంట ఆగదని గ్రామ పెద్దావిడ ఇచ్చిన ధ్రువీకరణ. అసలు ప్రతులు తేనివారిని వచ్చే సోమవారం రమ్మంటారు.