బాలింత చదువు ఒకరి దయమీద ఆధారపడకూడదు

సెమిస్టర్‌కు సుమారు 90 బోధన దినాలు. 75 శాతం హాజరు తప్పనిసరి అంటే విద్యార్థిని 22 రోజులకు మించి క్లాసు తప్పడానికి వీల్లేదు. కాన్పు తర్వాత ఒళ్లు కుదుటపడటానికి వైద్యులు సాధారణంగా చెప్పే గడువు ఆరు వారాలు. ఆదివారాలు తీసేసినా 36 రోజులు పోతాయి. సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువే పట్టవచ్చు. సెమిస్టర్ మధ్యలో బిడ్డను కన్న అమ్మాయి ఎంత శ్రద్ధగా చదివినా డిటైన్ కాక (హాజరు చాలక పరీక్షకు దూరం కాక) తప్పదన్నమాట.

ఈ నిబంధన రాసినవారికి దురుద్దేశం ఉందని మేము అనడం లేదు. వారి ఆలోచనలో విద్యార్థి అంటే పిల్లాపాపా లేని కుర్రవాడు, అంతే. చదువుకునేవారంతా అలా ఉండరు. అమెరికాలో డిగ్రీ చదివేవారిలో దాదాపు ఐదో వంతు మంది తల్లులో, తండ్రులో. మార్కుల్లో వీళ్లు ఎవరికీ తీసిపోరనీ, మధ్యలో చదువు ఆపేసేవారు మాత్రం వీరిలోనే ఎక్కువనీ అక్కడి అధ్యయనాలు తేల్చాయి. ఈ లెక్క చూశాక తప్పు ఆ విద్యార్థుల మీద వేయడం ఎలా కుదురుతుంది?

గర్భిణి అయిన విద్యార్థిని ముందు హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గరికి వెళ్తుంది. ఆయన ప్రిన్సిపాల్‌ను అడగమంటారు, ప్రిన్సిపాల్ యూనివర్సిటీని అడగమంటారు. అక్కడ ‘అలాంటి రూల్ లేదు’ అంటారు. మనసున్న అధ్యాపకులు ఏదో దారి చూపుతారు, వారికి కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ ఆ అధ్యాపకులు బదిలీ అయితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే చాలామంది విషయం బయటపెట్టకుండా టెన్షన్ పడుతూనే నెలలు నెట్టుకొస్తారు. చెప్పిన వాళ్లకు దొరికే సలహా ఒక్కటే: ‘ఈ ఏడాది మానేసి వచ్చే ఏడాది రామ్మా.’ వినడానికి ఆప్యాయంగానే ఉంటుంది. కానీ ఆ ఏడాదిలో హాస్టల్ సీటు పోతుంది, స్కాలర్‌షిప్ ఆగుతుంది, సిలబస్ మారుతుంది, తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతారు. ఇంట్లో ‘ఇక చదువెందుకు’ అనే గొంతు బలపడుతుంది. ఒక్క ఏడాదికని ఆగిన చదువు ఎన్నోసార్లు అక్కడితోనే ఆగిపోయింది.

మన దేశంలో ఈ విషయంలో అసలు కదలికే లేదనలేం. పీహెచ్‌డీ చేసే మహిళలకు మొత్తం కోర్సులో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016 నిబంధనల్లోనే చేర్చింది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ తగిన నియమాలు రూపొందించుకోవాలని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. 2023లో కేరళ ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాల్లో 18 ఏళ్లు దాటిన విద్యార్థినులకు 60 రోజుల సెలవు ప్రకటించింది. లేఖ అందుకున్న మిగతా సంస్థలు ఏం చేశాయో అవే చెప్పాలి.

నియమం స్పష్టంగా లేనిచోట కోర్టు మెట్లెక్కడమే గతి అవుతోంది. 2018లో కాన్పు వల్ల హాజరు తగ్గిన ఒక లా విద్యార్థినికి ఢిల్లీ హైకోర్టులో ఊరట దక్కలేదు. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. 2023లో అదే హైకోర్టు ఒక ఎంఈడీ విద్యార్థిని విషయంలో యూనివర్సిటీ తిరస్కరణను పక్కనపెట్టి, 59 రోజుల ప్రసూతి సెలవును పరిగణించాలని ఆదేశించింది. రెండు కోర్సులు వేరు, వాటి నిబంధనలూ వేరు. కానీ పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని లాయర్‌ను వెతుక్కోవాల్సిన అవస్థ ఇద్దరిదీ ఒకటే. అమెరికాలో 1975 నుంచే నిబంధన ఉంది: వైద్యులు అవసరమన్నంత కాలం సెలవు ఇవ్వాలి, తిరిగి వచ్చాక ఆమె పూర్వపు స్థానం ఆమెకు దక్కాలి.

నర్సింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో ప్రాక్టికల్స్ చేయకుండా పట్టా ఎలా ఇస్తారన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ ప్రాక్టికల్స్ రద్దు చేయమని మేము కోరడం లేదు. ఆమె కోలుకున్నాక, అదనపు ఫీజు లేకుండా, అవే పనులు చేయించండి. పరీక్షా అంతే, తేదీ మారినంత మాత్రాన ప్రమాణం తగ్గదు.

బిడ్డ పుట్టాక మొదలయ్యే కష్టం గురించి కాలేజీలు ఇంకా తక్కువ ఆలోచిస్తున్నాయి. ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు మూడు గంటలకోసారి పాలివ్వాల్సిన తల్లికి క్యాంపస్‌లో తలుపు వేసుకునే చిన్న గది కూడా ఉండదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో, 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్న నియమం వచ్చింది. ఈ లెక్కలోకి ఉద్యోగులే వస్తారు, విద్యార్థినులు రారు. పాఠం చెప్పే తల్లికి ఉన్న హక్కు, ఎదురుగా కూర్చుని వినే తల్లికి లేకపోవడం మాకు ఏ విధంగానూ సమంజసంగా తోచడం లేదు. ఉన్న కేంద్రాల్లో విద్యార్థుల పిల్లలకూ చోటివ్వాలి. చదువుకుంటున్న తండ్రులకూ ఆ వెసులుబాటు ఉండాలి.

విశ్వవిద్యాలయాలు వచ్చే అడ్మిషన్ల లోపే ఈ నియమాలు ఖరారు చేయాలి. సెలవు ఎన్ని రోజులు, దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి, ఎన్నాళ్లలో జవాబు చెప్పాలి, తప్పిన ఇంటర్నల్స్ ఎప్పుడు పెడతారు అన్నవి ప్రాస్పెక్టస్‌లో హాజరు నిబంధన ఉన్న పేజీలోనే అచ్చు వేయాలి.