మా అన్నయ్యకి 20 శాతం తగ్గిందట

ఇవాళ రివ్యూకి వెళ్లొచ్చాం. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. డాక్టర్ గారు కాగితం చూసి, "స్కోరు 90 నుంచి 72కి వచ్చిందమ్మా, 20 శాతం తగ్గింది, గుడ్" అన్నారు. పక్కనే అన్నయ్య నేల చూస్తూ కూర్చున్నాడు. పార్టీ అడగాలేమో!

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న ఇళ్లలో, ఆ లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో పాయింట్లలో కొలిచే ఈ పాన్స్ (PANSS) స్కేలు గురించి తెలియనిదెవరికి? స్కోరు ఎంత ఎక్కువైతే జబ్బు అంత ఎక్కువన్నట్టు. 1987 నాటిది. 30 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా పాయింట్లు. లక్షణం అస్సలు లేకపోయినా 1 వెయ్యాల్సిందే, అంటే ఏ జబ్బూ లేనివాడికి కూడా 30 వస్తుంది. కాబట్టి శాతం కట్టే ముందు ఆ 30 తీసెయ్యాలి. ఆయన తీయలేదు. దొరికాడు అనుకుని నేనే లెక్క కట్టాను. 60లో 18 తగ్గితే 30 శాతం! సరిగ్గా లెక్కేస్తే మా అన్నయ్య ఇంకా బాగున్నట్టు తేలింది. నా ఖర్మ.

సరే, ఆ 18 ఎక్కడ తగ్గాయో చూద్దామని కాగితం అడిగి తీసుకున్నా. భ్రమలు, గొంతులు వినపడటం, అనుమానం, కోపం ఉండే పాజిటివ్ భాగం 24 నుంచి 15కి దిగింది. ఆందోళన, దిగులు లాంటివన్నీ కలిపిన జనరల్ భాగం 42 నుంచి 32కి. ఇక నెగటివ్ భాగం, అంటే మొహంలో ఏ భావమూ లేకపోవడం, మనుషులకి దూరంగా ఉండటం, నోట మాట రాకపోవడం... అది 24 నుంచి 25 అయింది. పెరిగింది! మూడూ కలిపి కూడితే ఆ పెరిగినది ఎవరికి కనిపిస్తుంది?

కేకలు తగ్గాయి, మందుల మత్తుకి మనిషి మూల కూర్చున్నాడు, అందరికీ ప్రశాంతంగా ఉంది. దాన్నే 'గుడ్' అంటున్నారు. స్నానానికి లేపడానికి నాకు గంట పడుతోందే, దానికి ఎన్ని పాయింట్లు సార్?

అన్నట్టు, ఇందులో సామెతలకి అర్థం కూడా అడుగుతారు. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అంటే ఏంటని అడిగితే, "ఇంట్లో ఆటే లేదు కదా, గెలిచేదేముంది" అన్నాడు. ఫారం పట్టుకున్న కుర్రాడు నవ్వకుండా ఏదో రాసుకున్నాడు. నాలుగు నెలల్లో మా అన్నయ్య అన్న ఒకే ఒక్క జోకు అది!

అసలు కడుపు మండే విషయం ఇది కాదు. మనుషులకి దూరమవుతున్నాడా లేదా అన్న అంశానికి ఇంట్లోవాళ్లని అడిగి పాయింట్లు వెయ్యాలని ఆ స్కేలు రాసినవాళ్లే చెప్పారు. గడిచిన వారం ఎలా గడిచిందో అరగంట గదిలో చూస్తే తెలియదని వాళ్లకీ తెలుసు. నన్నెవరు అడిగారు? నేను బయట బెంచీ మీద ఉన్నా. "మీరు బయట ఉండండమ్మా" అన్నారు. మరి ఆ గడిలో అంకె ఎవరిని అడిగి వేశారు? సీలింగ్ ఫ్యాన్‌నా?

ఇది కొత్తేం కాదు లెండి. మొదట్లో, ఇంకా గొంతులు మొదలవకముందే, వీడు స్నేహితుల ఫోన్లు ఎత్తడం లేదు, గదిలోంచి రావడం లేదు అని నేను ఒక పెద్ద డాక్టరుకి చెప్పాను. "చదువుల టెన్షన్, మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు" అన్నారాయన. ఇంట్లోవాళ్లు కూడా ఆయన మాటే పట్టుకున్నారు. "పెద్దాయన చెప్పాడు కదా, నీకేం తెలుసు" అని నా నోరే మూయించారు. ఆ రోజు నేను చెప్పిందే ఇవాళ ఆ 25లో ఉంది.

వచ్చే రివ్యూకి నోట్‌బుక్ తీసుకెళ్తున్నా. వాడు ఎన్ని గంటలు పడుకున్నాడో, ఎన్ని మాటలు మాట్లాడాడో రోజూ రాస్తున్నా. బయట కూర్చోమంటే కూర్చోను. ఇంట్లోవాళ్లని అడగాల్సిన అంశాలకి పెన్ను పట్టుకోండి, నేను చెప్తా అంటా.