ఆకే కదా, మాత్రతో దానికేం పని!

డాక్టర్లకు షుగర్ పేషెంట్లంటే చిన్నచూపని నా గట్టి అనుమానం. లేకపోతే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు రాసిచ్చి, "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడగడమేమిటి? మర్యాదస్తుడెవరైనా "అబ్బే, ఏం లేదండీ" అనే అంటాడు. పరగడుపున మెంతిపొడి, పార్కు గేటు దగ్గర కాకర రసం, మధ్యాహ్నం నేరేడు గింజల పొడి, రాత్రికి పొడపత్రి కషాయం లెక్కలోకి రావు. అవి మందులు కావుగా!

వాటి మహిమే వేరు. షుగర్‌ను వేళ్లతో సహా పీకేస్తాయి, పక్కన గ్లిమెపిరైడ్ ఉంటే మాత్రం బుద్ధిగా చేతులు కట్టుకుంటాయి. మాత్ర క్లోమాన్ని తరిమి ఇన్సులిన్ వదిలిస్తుంటే కాకర, పొడపత్రి కూడా షుగర్‌ను కిందికే లాగొచ్చని ఎవరైనా అంటే, అది అల్లోపతి కుట్ర. పదకొండింటికి చెమటలు పట్టి చేతులు వణికితే అది లో షుగర్ కాదు. "ఒంట్లో చెడంతా పోతోంది అంకుల్" అని పొడి అమ్మినతను ఫోన్లో తేల్చేశాడు. చెడుతో పాటు అంకుల్ కూడా పోతాడేమోనని ఆంటీ చక్కెర నీళ్లు తాగించింది. ఆవిడకు ప్రకృతి మీద నమ్మకం తక్కువ.

మెట్‌ఫార్మిన్ కెమికలే, నిజమే. కానీ దాని మూలాలు గలీగా అనే ఐరోపా మొక్కలో ఉన్నాయి, 1957లో ఒక ఫ్రెంచి డాక్టర్ దాన్ని షుగర్‌కు వాడి ఫలితాలు ప్రచురించాడు. ఈ మాట పైకి అనకండి, రేపట్నుంచి ఆ మొక్కనూ కషాయం కాస్తారు. ఇక కొన్ని "పూర్తి హెర్బల్" పొడులను ల్యాబ్‌లో పరీక్షిస్తే ఇంగ్లిషు షుగర్ మందే బయటపడింది. వైద్య విధానాల మధ్య ఇంత సఖ్యత ఇంకెక్కడుంది?

ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గొచ్చు. దానికి తోడు ఎవరూ రాయకుండానే రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర ఉండనే ఉంది, అదీ బి12కు గండి కొట్టేదే. బి12 తగ్గి పాదాలు తిమ్మిరెక్కినా "షుగర్ కదా, మామూలే" అంటాం, రక్తపరీక్ష ఖర్చు మిగులుతుంది. మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిపించుకున్న వారం షుగర్ పెరిగితే తప్పు కోడలి పాయసానిది.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం: డాక్టర్ "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగేటప్పుడు భార్యలను గది బయట కూర్చోబెట్టాలి. మొన్న ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మూడు డబ్బాలు తీసి డాక్టర్ బల్ల మీద పెట్టేసిందట. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండింటి లేబుళ్లు చదివాడు. మూడోదానికి లేబులే లేదు.