కెన్పో తరగతిని మూసివేయకండి, కుస్తీ పిల్లవాణ్ణి తరగతికి పిలవండి

మన సంఘం వార్షికోత్సవ వేదిక మీద ఈసారి జరిగినది అందరూ చూశారు. చేతి దెబ్బలు ప్రధానమైన యుద్ధవిద్య కెన్పో ప్రదర్శన ముగిశాక మా గురువుగారు ఎప్పటిలాగే "ఎవరైనా ముందుకు రావచ్చు" అని సభను ఆహ్వానించారు. పాఠశాల కుస్తీ జట్టులో ఆడే మన పిల్లవాడొకడు వేదికెక్కి, వినయంగా నమస్కరించి, తలను, నడుమును ఒక్కసారిగా కిందికి దించి దూసుకొచ్చి, రెండు కాళ్ళూ చేజిక్కించుకొని ఆయనను పడగొట్టాడు. నేను వేదిక పక్కనే ఉన్నాను. గురువుగారి కుడి చేయి దెబ్బ కోసం పైకి లేవడం, అది దిగేలోగానే పిల్లవాడి భుజం ఆయన తొడలకు ఆనుకోవడం, పాదాలు మాత్రం నిలుచున్నచోటే ఉండిపోవడం స్పష్టంగా కనిపించాయి.

ఆ రాత్రి నుంచి వాట్సాప్ బృందాల్లో రెండు వాదనలు నడుస్తున్నాయి. పెద్దవారి పట్ల ఆ పిల్లవాడు అమర్యాదగా ప్రవర్తించాడని కొందరు అంటుంటే, పనికిరాని విద్యకు సంఘం హాలు ఇవ్వడం దేనికని మరికొందరు అడుగుతున్నారు. ఆ తరగతిలో చాలాకాలంగా సాధన చేస్తున్నవాడిగా ఈ రెండింటినీ నేను ఒప్పుకోలేను. పిలిచినందుకు వచ్చిన పిల్లవాడిది తప్పెలా అవుతుంది? ఇక విద్య పనికిరాదనేవారు, ఆ విద్యను మనం ఏ పద్ధతిలో సాధన చేస్తున్నామో ఒకసారి చూడాలి.

అమెరికన్ కెన్పోను రూపొందించిన ఎడ్ పార్కర్ హవాయిలో మొదట నేర్చుకున్నది జూడో. ఆయన పద్ధతిలో కాళ్ళ మీదికి దూకేవారిని ఎదుర్కొనే ఛార్జింగ్ ర్యామ్ వంటి ప్రక్రియలు ఉన్నాయి; విద్యను ఎవరి శరీరానికి తగ్గట్టు వారు మలచుకోవాలని కూడా ఆయన చెప్పారు. అయితే మన తరగతిలో ఆ ప్రక్రియను ఎలా చేస్తాం? దాడిచేసేవాడు చేతులు చాచి ఒక అడుగు వేసి ఆగుతాడు, మనం వరుసగా నాలుగైదు దెబ్బలు చూపిస్తాం, అతడు మర్యాదగా పడిపోతాడు. గురువుగారిని నిజంగా పడగొట్టాలని ప్రయత్నించిన శిష్యుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. గురువు పట్ల మనకున్న ఆ గౌరవం నాకెంతో ఇష్టం, కానీ ఆ గౌరవమే ఆయనకు అసలైన సాధన దొరకకుండా చేసింది.

1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో, వేర్వేరు యుద్ధవిద్యల వారు తలపడే యూఎఫ్‌సీ పోటీ మొదటిసారి జరిగినప్పుడు, తనకంటే బరువైన ప్రత్యర్థులను బ్రెజిలియన్ జియుజిట్సు యోధుడు రాయిస్ గ్రేసీ నేలమీదికి తీసుకెళ్ళి ఓడించినప్పుడు ప్రపంచమంతటా ఉన్న కరాటే, కెన్పో శిక్షణశాలలు ఇదే దెబ్బ తిన్నాయి. మరుసటి ఏడాది డిసెంబరులో అదే గ్రేసీతో తలపడిన కెన్పో యోధుడు కీత్ హ్యాక్నీ అయిదు నిమిషాలకు పైగా నిలిచి, చివరకు మోచేతి పట్టుకు లొంగిపోయారు. తర్వాతి కాలంలో చక్ లిడెల్ కళాశాల కుస్తీ అనుభవాన్ని కెన్పోకు దగ్గరి విద్య అయిన హవాయియన్ కెంపోతో కలిపి, కింద పడకుండా నిలిచి కొట్టడమే తన బలంగా మలచుకొని 2005లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ విజేత అయ్యారు. కుస్తీ తెలిసినవాడి చేతిలో దెబ్బకు విలువ తగ్గలేదు, పెరిగింది.

మన తరగతిలో మారవలసినవి ఎక్కువేమీ లేవు. పక్కకు తిరిగి నిలబడే న్యూట్రల్ బో భంగిమలో ముందుకాలు ఎదుటివాడికి సులువుగా అందుతుంది. పట్టు దూరంలోకి రాగానే నడుమును కాస్త ఎదురుగా తిప్పి, మోకాళ్ళు వంచి, చేతులు కొంచెం దించాలి. అతడి తల, నడుము కిందికి జారిన క్షణంలోనే కాళ్ళను వెనక్కి విసిరి, తుంటి బరువంతా అతడి భుజాల మీద పడేలా స్ప్రాల్ చేయాలి. ముంజేతిని మెడకు, భుజానికి మధ్య అడ్డుపెట్టి, రెండో చేతిని చంక కిందికి దూర్చాలి. దెబ్బలు ఆ తర్వాతే. వీపు మీదో తల వెనకో మోచేత్తో కొడితే పట్టు వదులుతాడన్న నమ్మకాన్ని మాత్రం వదులుకోవాలి, ఎందుకంటే కాళ్ళు దొరికినవాడు ఆగడు, మనకేమో నేలమీద నిలదొక్కుకునే ఆధారమే ఉండదు. ఒకవేళ కింద పడితే, ఒక చేయి నేలకు ఆనించి, రెండో చేయి ముఖానికి అడ్డుగా ఉంచి, నడుము ఎత్తి కాలిని వెనక్కి లాగి లేచే పద్ధతిని పిల్లలకు మొదటి వారం నుంచే నేర్పాలి.

వీటన్నింటినీ ఎదురు తిరిగే జోడీతోనే సాధన చేయాలి. మొదట సగం వేగంతో, తర్వాత పూర్తి వేగంతో, ఎప్పుడు దూకుతాడో ముందుగా చెప్పకుండా చేయాలి. ఇందుకు మెత్తటి మ్యాట్లు, పడడం తెలిసిన మనుషులు కావాలి. పిల్లల మెడలకు దెబ్బ తగలకుండా చూసే పెద్దలూ కావాలి.

కాబట్టి కార్యవర్గాన్ని నేను అడిగేవి రెండే. హాలులో సగం నేలకు సరిపడా మ్యాట్లు కొనివ్వండి. ఆ పిల్లవాణ్ణీ, అతడి జట్టు మిత్రులనూ నెలకొకసారైనా మా తరగతికి పంపమని వారి తల్లిదండ్రులను సంఘం తరఫున కోరండి. వారు వచ్చిన మొదటి రోజున స్ప్రాల్ సాధనకు గురువుగారే ముందుగా నిలబడతానని నాతో చెప్పారు, ఆయన అనుమతితోనే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.