ముప్పై సైకిళ్ళు వద్దు, రెండు చాలు

తెలుగు సంఘం తరఫున ముప్పై మందితో, అందరికీ ఒకే రంగు టీషర్టులతో ఆమ్‌స్టర్‌డామ్‌లో సైకిల్ యాత్ర పెడదామంటే వినడానికి బాగానే ఉంటుంది. కార్యవర్గాలు మాత్రం దయచేసి ఆ ఆలోచన పక్కన పెట్టాలి. ఆ ఊరిని సైకిల్ మీదే చూడాలి, కానీ ఒక స్నేహితుణ్ణో స్నేహితురాలినో వెంటబెట్టుకుని ఇద్దరే వెళ్ళాలి.

కారణం అక్కడి దారుల్లోనే ఉంది. ఇద్దరు పక్కపక్కన తొక్కడానికి నెదర్లాండ్స్ చట్టం ఒప్పుకుంటుంది, మూడో సైకిల్ పక్కన చేరితే తప్పు. పోనీ ముప్పై మంది బారుగా వెళ్దామంటే, సైకిళ్ళ సిగ్నల్ ఒకసారి పచ్చబడినప్పుడు సగం మంది కూడా దాటలేరు. దాటినవాళ్ళు మిగతావారి కోసం ఎర్ర తారు సైకిల్ దారి మీదే నిలబడిపోతారు. వాళ్ళ వెనక ఆఫీసుకు పోయే మనిషి ఉంటాడు, ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తున్న తల్లి ఉంటుంది. ఆ దారి వాళ్ళకు ఊరికే రాలేదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలకు 3,000 మందికి పైగా బలయ్యారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. 'పిల్లల హత్య ఆపండి' అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు ఆపేసినప్పుడు, కార్లు లేని రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్ళారా చూశారు. అంత కష్టపడి సంపాదించుకున్న దారిలో మనం అతిథులం.

అద్దె షాపులో మొదట అడగాల్సింది బ్రేకు గురించి. చాలా డచ్ సైకిళ్ళకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. మన ఊళ్ళలో నేర్చుకున్నవారికి బండి జారుతున్నప్పుడు పెడల్ ఊరికే వెనక్కి తిప్పే అలవాటు. ఇక్కడ అలా తిప్పారంటే సైకిల్ ఉన్నట్టుండి నిలిచిపోతుంది, వెనక వస్తున్న స్నేహితుడు వచ్చి గుద్దుకుంటాడు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆగాక పెడల్‌ను వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవడం కుదరదు. కాబట్టి ఎడమ పెడల్ వెనక వైపు ఉన్నప్పుడు ఆ కాలితో నొక్కి ఆపాలి. అప్పుడు కుడి పెడల్ ముందు పైభాగాన, మళ్ళీ బయల్దేరడానికి సిద్ధంగా ఉంటుంది. మరిచిపోతే వెనక చక్రం కొంచెం పైకెత్తి పెడల్ ముందుకు తిప్పుకోవచ్చు. ఇదంతా తలనొప్పి అనుకునేవారు చేతి బ్రేకులున్న బండి తీసుకోవడం మంచిది.

సీటు ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోకండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. భయంతో సీటు మరీ దించేస్తే కాసేపటికే మోకాళ్ళు నొప్పెడతాయి. చున్నీ, చీర కొంగు ఉన్నవారు పూర్తి చైన్ కవరూ, వెనక చక్రానికి రెండు పక్కలా తొడుగూ ఉన్న బండి అడగాలి. అక్కడి పాత తరహా ఆడవారి సైకిళ్ళకు ఈ రెండూ మామూలే. మరో సంగతి: చాలా డచ్ సైకిళ్ళ గాలి వాల్వు మన హీరో, అట్లాస్ సైకిళ్ళకు ఉండే రకమే. కారు టైర్లకు గాలి కొట్టే గొట్టం దానికి పట్టదు, సైకిల్ షాపు దగ్గరి పంపే కావాలి.

రోడ్డు మీద కుడి వైపు ఉండాలని అందరికీ తెలుసు. పొరపాటు జరిగేది నేరుగా పోతున్నప్పుడు కాదు. కాఫీ తాగి మళ్ళీ బయల్దేరినప్పుడు, ఎడమకు తిరిగినప్పుడు చెయ్యి తనంతట తానే ఎడమ పక్కకు లాగుతుంది. భారత్ నుంచి, బ్రిటన్ నుంచి వచ్చినవారిలో ఒకరు మరిచినా రెండోవారు 'కుడి' అని అరవాలి. నేల మీద తెల్లటి త్రికోణాల మొనలు మీ వైపు చూస్తుంటే మీరే ఆగి దారివ్వాలి. వాటిని అక్కడ 'షార్క్ పళ్ళు' అంటారు. గుర్తులేమీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవారిది మొదటి హక్కు. ట్రామ్‌కు ఎప్పుడూ దారివ్వండి. దాని పట్టాలను ఏటవాలుగా దాటితే ముందు చక్రం గాడిలో ఇరుక్కుని మనిషి కింద పడతాడు, వీలైనంత అడ్డంగా దాటాలి. వాన పడ్డాక ఆ ఇనుము మీద బ్రేకు వేయకండి.

తొక్కుతూ ఫోన్ చేతిలో పట్టుకోవడం 2019 జులై నుంచి నేరం. మ్యాపు చూడాలన్నా, ఫొటో తీయాలన్నా సైకిల్‌ను దారి పక్కకు తీసి దిగాలి. ముందు వెళ్ళేవారు మలుపులు గట్టిగా చెప్పాలి, వెనకవారు వెనక నుంచి వచ్చే బండ్లను కనిపెట్టాలి.

తాళాలు రెండు: వెనక చక్రాన్ని పట్టేసే గుండ్రటి తాళం, ఒక బరువైన గొలుసు. ఇద్దరూ ఉంటే ఒక గొలుసును రెండు ఫ్రేముల గుండా పోనిచ్చి ఇనుప స్టాండుకు చుట్టండి. చక్రానికి మాత్రమే చుడితే చక్రం మిగులుతుంది, సైకిల్ పోతుంది. సెంట్రల్ స్టేషన్ ముందు నీటి అడుగున 2023లో తెరిచిన పార్కింగ్‌లో దాదాపు 7,000 సైకిళ్ళు పడతాయి. స్టేషన్ చుట్టుపక్కల ఎక్కడపడితే అక్కడ వదిలేస్తే మునిసిపాలిటీ వాళ్ళు ఎత్తుకుపోతారు.

మొదటి రోజే కాలువల మధ్య ఇరుకు వీధుల్లోకి దిగకండి. పొద్దున్నే స్టేషన్ వెనక్కి వెళ్ళి బౌక్‌స్లోటర్‌వెగ్ ఫెర్రీ ఎక్కండి. టికెట్ లేదు, సైకిల్‌తో సహా ఉచితం. అవతలి ఒడ్డున తూర్పుకు తిరిగి నీవెన్‌డామర్‌డైక్ కట్ట మీదుగా, కొయ్య ఇళ్ళ వరస పక్కనుంచి స్ఖెలింగ్‌వౌడ దాటితే డుర్గర్‌డామ్ అనే పల్లె వస్తుంది. ఫెర్రీ దగ్గర నుంచి సుమారు 8 కిలోమీటర్లు. అక్కడి నుంచి కట్ట వంకరలు తిరుగుతూ పోతుంది. గోదావరి, కృష్ణ డెల్టాల వాళ్ళకు ఆ వంకర చూడగానే సంగతి అర్థమవుతుంది. ఒకప్పుడు గండి పడి నీరు లోతుగా కోసేసిన చోట గుంట పూడ్చడం కష్టమై, దాని చుట్టూ తిప్పి కొత్త కట్ట వేశారు. ఆ గుంటలే ఇప్పుడు చెరువులు. 1916 జనవరి తుపానులో ఈ ప్రాంతమంతా మునిగింది. ఆ దెబ్బతోనే సముద్రపు పాయకు అడ్డంగా గోడ కట్టాలని నిర్ణయించారు, 1932లో అది పూర్తయింది. మీ కుడి పక్కన కనిపించే నీరు అప్పటిదాకా ఉప్పునీరు. బస్సు కిటికీలోంచి ఈ కట్ట వంకర ఎవరికీ కనపడదు.

రాన్స్‌డార్ప్ పల్లెలో చర్చి మొండి గోపురం చూసి వెనక్కి తిరిగేటప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. ఆ దిక్కున కొండలు లేవు, కొండ పని గాలి చేస్తుంది. ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోసి, వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. వెళ్ళేటప్పుడే సత్తువంతా ఖర్చు చేయకండి. వచ్చేటప్పుడు ఒకరి వెనక ఒకరు, ఒక మీటరు ఎడంతో, ఐదేసి నిమిషాలు వంతులు వేసుకుని తొక్కితే వెనకవారికి చాలా తేలికవుతుంది. ఎదురుగాలిలో ముందున్నవారి మాట వెనక్కి వినపడుతుంది కానీ వెనకవారి మాట ముందుకు చేరదు. వంతు మారాలంటే బెల్లు రెండుసార్లు కొట్టాలని పొద్దున ఫెర్రీలోనే అనుకోండి.